కెపాసిటరు

కంబదూరు దావలో, నాలుగు వందల అడుగుల బోరులోంచి
మోటారు పైకి లాగుతాంటే చైను తెగింది.
పైపు నా వీపు మీద పడిందంటారు.
నాకు గుర్తుండేది బాబావలి కేక,
శెనక్కాయ చేలో ఎర్రమన్ను,
కొంచెం దూరంలో ఎవరివో రెండు చెప్పులు.
వాటిలో ఉండేవి నా కాళ్లేనని
ఇంకొకరు చెప్తే గాని తెలియలేదు.

నాలుగేండ్లు మంచం.
రెండు గంటలకొకసారి ఈరక్క నన్ను తిప్పేది
పెనం మీద జొన్నరొట్టె తిప్పినట్టు.
ఒక పక్కే మాడకూడదు గదా.
రాత్రిళ్లు సెల్లులో అలారం.
మొదట్లో ఏడ్చేది. కొన్నాళ్లకు తిట్టేది. ఆనెక
నిద్రలోనే లేచి, నిద్రలోనే తిప్పి, నిద్రలోనే పడుకునేది.

బెంగుళూరులో డాక్టరమ్మ ఫోటోను వెలుతురుకు పెట్టి చూపించింది.
"నరం అంతా తెగలేదు తిప్పేస్వామీ,
నాలుగు పోగులు మిగిలినట్టుంది.
పైనుంచి మాట దిగుతోంది, కాళ్లకు వినపడ్డం లేదు."
"లో వోల్టేజీ," అన్నా.
ఆమె పెన్ను ఆపింది.
చెప్పినా: మా పక్క కరెంటు నడిరేయికి ఇస్తారు,
అదీ చాలీచాలకుండా.
మోటారు మూలుగుతుంది, తిరగదు.
దాని తప్పేం లేదు.
కెపాసిటరు కడతాం. అందుకుంటుంది.
ఆమె నవ్వలేదు.
"మేం కట్టేదీ అట్లాంటిదే" అంది,
"అందుకుంటుందని మాత్రం మాటివ్వను."

వీపు కోసి పదహారు చుక్కల పట్టీ పరిచినారు.
డొక్క కింద అగ్గిపెట్టెంత డబ్బా.
అనంతపురంలో, మేడ మీద ఒక గదిలో
రుక్సానా మేడం రిమోటు నొక్కింది.
ఒకటో నెంబరు: కడుపు బిగుసుకుంది.
రెండు: ఈగ వాలిన ఆవు చర్మంలాగా
తొడ అదిరింది, నన్ను అడక్కుండానే.
మూడు: ఏమీ లేదు,
ట్రాన్స్‌ఫార్మరు కింద నిలబడితే వినపడే గుయ్యిమనే శబ్దం,
ఒంట్లో యాడో.
"ఇప్పుడు బొటనవేలు ఎత్తు."
ఎత్తడమంటే ఎట్ల?
పుట్టినప్పట్నుంచి ఒక్కసారి కూడా
అడగాల్సిన పని పడలేదు.

బోరు స్విచ్చేసినాక కొంచెంసేపు ఎవరూ మాట్లాడరు.
నీళ్లు అంత లోతునుంచి ఎక్కి రావల్ల.
ముందు గాలి, తర్వాత బురద.
అందరూ పైపు మూతినే చూస్తాంటారు.
అప్పు చేసిన రైతు మాత్రం
ఇంకో దిక్కు చూస్తాంటాడు.
ఆ గదిలో అట్ల నిలబడినారు
ఈరక్క, మేడం,
నాలుగేండ్లుగా నా మొగం చూడని బాబావలి.
నేను పైన ఫ్యాను చూస్తా పడుకున్నా.

"తడి తగిలింది" అన్నాడు బాబావలి.
వేలు కదిలిందంట. గోరంత.
వాడు చెప్పులు వేసుకోకుండానే
మెట్లు దిగిపోయినాడు.

ఊళ్లో నేను పరిగెత్తినానని చెప్పుకుంటున్నారు.
లేదు.
పది నెలలకు, రెండు కడ్డీల మధ్య ఏడడుగులు.
"పెండ్లిలో కూడా ఇంతసేపు పట్టలేదు" అంది ఈరక్క.
నేల తగలదు, పాదం యాడుందో
కండ్లతో వెతుక్కోవల్ల.
డబ్బా ఆపితే కాళ్లు మళ్లీ గోనెసంచులు.

అయితే నిలబడిన మొదటి రోజు
ఆమె తల పైనుంచి కనపడింది.
ఇన్నాళ్లూ కింద పండుకోని
గడ్డమే చూసినా.
పాపిట ఎప్పుడు నెరిసిందో.
అడిగితే, "ఊరికే ఉంటే నెరవదా?" అని
కొంగు కప్పుకుంది.

నడిరేయి. కరెంటొచ్చింది.
చేలల్లో టార్చిలైట్లు అటూ ఇటూ నడుస్తున్నాయి.
డబ్బాకు చార్జింగు పెట్టుకోని వింటున్నా.
పడమటి పక్క ఒక మోటారు మూలుగుతాంది,
అందుకోవడం లేదు.
శబ్దాన్ని బట్టి అది మారెన్న బోరే.
కాయిలు కాలకముందే ఎవరన్నా ఆపితే బాగుండు.

రేపు బాబావలిని పంపల్ల.
నేనూ పోతా, కుర్చీలో.
గట్టు మీద కూర్చోని
చైను ఒకసారి చూసుకోమని చెప్తా.